డీ డ్రైవ్‌లో ప్రమీలమ్మ గొంతు

చేవెళ్ల చుట్టుపక్కల కంప్యూటర్ ఉన్న ప్రతి ఇంట్లోనూ ఒక నమ్మకం ఉంది. సీ డ్రైవ్‌లో పెట్టింది పోతుంది, డీలో పెట్టింది పోదు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు గానీ, అసెంబుల్ చేసి అమ్మే దుకాణంవాడి నుంచి దాన్ని ఆటోలో వేసుకుపోయే రైతు దాకా అందరిదీ ఇదే మాట. వైరస్ వచ్చినా, విండోస్ మళ్లీ ఎక్కించినా సీ ఒక్కటే తుడుచుకుపోతుంది, డీ జోలికి ఎవరూ పోరు. అందుకని పెళ్లి ఫోటోలు, పొలం కాగితాల స్కానులు, పిల్లల మార్కుల మెమోలు, ఏవి పోతే ప్రాణం పోయినంత పనవుతుందో అవన్నీ డీలోనే దాచుకుంటారు. ఈ మాటను పదేళ్లుగా జనానికి నూరిపోసినవాళ్లలో మన తిరుపతి కూడా ఒకడు.

తిరుపతి చదివింది ఐటీఐ. మొయినాబాద్ దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో తొమ్మిదేళ్లు ల్యాబ్ అటెండర్‌గా చేశాడు. అరవై కంప్యూటర్లు, ఒక చీపురు, ఒక తాళంచెవుల గుత్తి అతని చేతికింద ఉండేవి. లెక్చరర్లు సిలబస్ చెప్పి వెళ్లిపోతే, ఆ అరవై డబ్బాలను నడిపించే బాధ్యత అతనిదే. లినక్స్ అక్కడే నేర్చుకున్నాడు. పుస్తకం చదివి కాదు, పాడుచేసి బాగుచేసి. ప్రతి సెమిస్టర్ ముందు పెన్‌డ్రైవ్ పట్టుకుని వరసగా అరవైంటికీ కొత్తగా ఎక్కించేవాడు. ‘డిస్క్ మొత్తం తుడిచేసి ఎక్కించమంటావా’ అని అది అడుగుతుంది. ల్యాబ్ మిషన్లలో దాచుకోవలసింది ఏముంటుంది? అవునని నొక్కి పక్కదానికి జరిగేవాడు. తొమ్మిదేళ్లు వేళ్లు అదే పని చేశాయి.

కాలేజీ మూతపడ్డాక చేవెళ్లలో ఒక మడిగె కిరాయికి తీసుకున్నాడు. జెరాక్స్, ఆన్‌లైన్ దరఖాస్తులు, రిపేర్లు. కానీ అతనికి పేరు తెచ్చింది మాత్రం పాత కంప్యూటర్లే. పట్నంలో ఎక్కడికి తీసుకుపోయినా ‘ఇది ముసలిదైంది, పారేసి కొత్తది కొనండి’ అంటారు. ఆ మాట వింటే తిరుపతికి ఒళ్లు మండేది. రెండు జీబీ ర్యామ్ ఉన్నా సరే, తేలిక రకం లినక్స్ ఎక్కించి, నిమిషంలోపు లేచి కూర్చునేలా చేసి ఇచ్చేవాడు. ఎడ్లకొట్టంలో పడేసిన డబ్బాలు కూడా అతని బల్లమీద లేచి నిలబడ్డాయి. అందులో అతనికి కొంచెం గర్వం కూడా ఉండేది. ఎందుకుండకూడదు చెప్పండి? వాడికి ఇంకేముంది?

ఇక ప్రమీలమ్మ సంగతి. ఆమెది ముడిమ్యాల. ఒకప్పుడు నాట్లు మొదలయ్యాయంటే చుట్టుపక్కల రైతులు ముందుగా ఆమెకు కబురుపెట్టేవారు. ఆమె మడిలో దిగి పాట ఎత్తుకుంటే ఇరవైమంది ఆడవాళ్ల చేతులు ఒక్క వరసలో కదిలేవి. ఆ పాటలు ఎవరి దగ్గరా నేర్చుకున్నవి కావు. ఏ రోజుది ఆ రోజు ఆమె కట్టినవే. మిగతావాళ్లకు పల్లవి అందుకోవడం తప్ప చరణాలు రావు. ఆరేళ్ల కింద గొంతులో కాన్సర్ అన్నారు. స్వరపేటిక తీసేస్తే తప్ప బతకదన్నారు. ఆపరేషన్‌కు తేదీ ఇచ్చాక కొడుకు ప్రభాకర్ నాలుగు రోజులు పనికి సెలవు పెట్టి, ఇంట్లో ఉన్న పాత కంప్యూటర్‌కు మైకు తగిలించి, తల్లిని వెనకగదిలో కూర్చోబెట్టాడు. గొంతు అప్పటికింకా పూర్తిగా చెడలేదు. ముప్ఫై ఏడు పాటలు రికార్డు చేశాడు.

ఆ తరువాత ఆమె మాట్లాడలేదు. మెడకింద ఒక రంధ్రం, దానిమీద తెల్ల గుడ్డ. ఊపిరి అక్కణ్నుంచే. పెదాలు కదులుతాయి, శబ్దం రాదు. రాయడం రాదు కాబట్టి చేతులతో చెప్పేది, చేతులతో అందని చోట చప్పట్లు కొట్టి కోప్పడేది. రోజూ మధ్యాహ్నం పూట మనవరాలు వెన్నెల కంప్యూటర్ పెట్టి ఇస్తే, ప్రమీలమ్మ ఒక పాట వినేది. ఒక్కటే. అప్పటి తన గొంతు తనే వింటూ బియ్యం ఏరుకునేది. ప్రభాకర్ ఒకసారి ఆ పాటలను ఫోన్‌లోకి ఎక్కించాడు గానీ, ఆ ఫోన్ గండిపేట బస్సులో పోయింది. మళ్లీ ఎక్కించుకుందాంలే అనుకున్నాడు. డీలో భద్రంగానే ఉన్నాయి కదా!

నిరుడు నవంబరులో ఆ కంప్యూటర్ మొరాయించింది. లేవడానికి అరగంట, ఫైలు తెరవడానికి ఇంకో పావుగంట. వెన్నెల ఇంటర్ పాఠాలు కూడా దానిమీదే వినాలి. నానమ్మ, మనవరాలు కలిసి దాన్ని ఆటోలో తిరుపతి దుకాణానికి తెచ్చారు.

ఆ రోజు మడిగెలో కాలు పెట్టడానికి చోటులేదు. సర్పంచ్‌గా నిలబడాలని ఉబలాటపడుతున్న బాల్‌రాజ్ పటేల్, బావమరిది ఆఫీసులో తీసేసిన నాలుగు కంప్యూటర్లను బడికి దానమిస్తున్నాడు. తెల్లవారి పది గంటలకు ఫంక్షన్, పేపరువాళ్లు, ఫోటో. నాలుగూ బల్లమీద వరసగా పెట్టి తిరుపతి లినక్స్ ఎక్కిస్తున్నాడు. ప్రమీలమ్మ డబ్బాను ఐదోదిగా ఆ వరస చివర పెట్టాడు. లోపల ఏమున్నాయని అడిగాడు. నానమ్మ పాటలు డీలో ఉన్నాయని వెన్నెల చెప్పింది. ప్రమీలమ్మ తన గొంతుమీద గుడ్డను వేలితో తాకి, డబ్బాను చూపించింది. జాగ్రత్త అని.

“డీల ఉన్నయంటే ఇగ ఫికరే లేదవ్వా. అవి ఎటు పోవు,” అన్నాడు తిరుపతి.

మామూలుగా జనం మిషన్లకు అతను వేరే పద్ధతి పాటించేవాడు. ఆ తుడిచే ప్రశ్న కింద ఉన్న ఆఖరి జవాబు ఎంచుకుని, సీ ఉన్న చోట మాత్రమే లినక్స్ పెట్టి, డీని ముట్టుకునేవాడు కాదు. తెలియని పని కాదు. కానీ అప్పుడే పటేల్ మనిషి ఫోన్ చేసి ఫ్లెక్సీ సైజు అడిగాడు. భుజానికీ చెవికీ మధ్య ఫోన్ ఇరికించుకుని, నాలుగోదాని నుంచి పెన్‌డ్రైవ్ పీకి ఐదోదానికి పెట్టాడు. నొక్కాడు. మళ్లీ నొక్కాడు. వేళ్లు ల్యాబులోకి వెళ్లిపోయాయి. అడిగినదానికల్లా అవునన్నాయి.

ఇరవై నిమిషాల్లో పని అయిపోయింది. నలభై సెకన్లలో లేచిన కంప్యూటర్‌ను చూసి వెన్నెల ఆశ్చర్యపోయింది. ప్రమీలమ్మ నవ్వి, సంచిలోంచి రెండు దోసిళ్ల అనపకాయలు తీసి అతని బల్లమీద పోసి వెళ్లింది.

మూడో రోజు వెన్నెల ఫోన్ చేసింది. డీ కనబడటం లేదంది. తిరుపతికి విసుగొచ్చింది. ఈ సంగతి అతను ఇప్పటికి వందమందికి చెప్పి ఉంటాడు: లినక్స్‌లో సీ, డీ అని పేర్లుండవు, పక్కన డిస్క్ బొమ్మ ఉంటుంది, దానిలో చూడాలి. అదే చెప్పి పెట్టేశాడు. అందులో అబద్ధం లేదు, అదే వచ్చిన చిక్కు. రెండు రోజులకు మళ్లీ చేసింది. అతనప్పుడు అజీజ్‌నగర్‌లో ఒక ఫామ్‌హౌస్ కెమెరాలు సరిచేస్తూ నిచ్చెనమీద ఉన్నాడు. తరువాత చూద్దామన్నాడు. ఆ తరువాత రాలేదు. ఇటు వెన్నెల, కంప్యూటర్ చురుగ్గా నడుస్తోందన్న సంబరంలో, రోజూ పాఠాల వీడియోలు దించుకుంటూ పోయింది. ఒక్కోటీ ఇంత లావు. ప్రమీలమ్మ రోజూ మధ్యాహ్నం వచ్చి కంప్యూటర్ ముందు కూర్చునేది, పాట లేకుండా లేచిపోయేది.

పన్నెండో రోజు పొద్దున్నే డబ్బాను దుప్పట్లో చుట్టి, ఒళ్లో పెట్టుకుని, బస్సులో వచ్చింది. వెంట వెన్నెల. తిరుపతి తీగలు తగిలించి, డిస్కు బొమ్మ తెరిచాడు. నూట అరవై జీబీల డిస్కు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకటే రంగు. ఒకటే ముక్క. డీ లేదు. డీ ఉన్న జాడ కూడా లేదు.

ఐదో డబ్బా, భుజంమీద ఫోన్, ఫ్లెక్సీ సైజు, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి.

చెప్పాల్సిన అబద్ధం అతని నాలుకమీద సిద్ధంగానే ఉంది. ‘డిస్కు పాతది, చెడిపోయింది.’ ఆ ఒక్క మాటతో ఎన్ని దుకాణాలు బతకడం లేదు? పాతది పోతే ఎవరు కాదంటారు? ఎవరికి తెలుస్తుంది? నోరు తెరిచాడు. ప్రమీలమ్మ అతని మొహంలోకే చూస్తోంది. మాట పోయిన దగ్గర్నుంచి ఆమెకు మనుషుల పెదాలమీద చూపు నిలపడం అలవాటు.

“నేనే తుడిచేసిన అవ్వా,” అన్నాడు. “డీ గూడ పోయింది.”

ఆమెకు అర్థం కాలేదు. డీ ఎలా పోతుంది? వెన్నెల వైపు తిరిగింది. వెన్నెల ఏడుస్తూ, నీ పాటలు పోయినయ్ నానమ్మా అని చెప్పింది. ప్రమీలమ్మ అరచేత్తో బల్లను కొట్టింది. మళ్లీ కొట్టింది. జెరాక్స్‌కు వచ్చినవాళ్లు వెనక్కి తిరిగి చూశారు. ఆమె నోరు బార్లా తెరుచుకుంది, మెడ నరాలు ఉబ్బాయి, రంధ్రంలోంచి తోసుకొచ్చిన గాలికి తెల్ల గుడ్డ ఎగిరెగిరి పడింది. అంతే. దుకాణంలో ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. తిట్టినా, శాపనార్థాలు పెట్టినా తిరుపతి నిలబడి పడేవాడు. ఆ నిశ్శబ్దాన్ని భరించలేకపోయాడు, మొహం తిప్పుకున్నాడు.

ప్రభాకర్ ఫోన్‌లో ఎక్కువసేపు మాట్లాడలేదు.

“మా అవ్వ గొంతు దవాఖానల ఒకసారి కోసిండ్రు,” అన్నాడు. “నువ్వు రెండోసారి కోసినవ్.”

ఒక ఆశ ఉంది. అది కూడా దిక్కుమాలిన ఆశే. డిస్కు తుడిచినప్పుడు నిజానికి పోయేది పేర్ల జాబితా. సరుకు అక్కడే పడి ఉంటుంది, దానిమీద కొత్తది వచ్చి కూర్చునేదాకా. ఆ సంగతి వివరిస్తుంటే వెన్నెల ఏడుపు ఆగిపోయింది. పాఠాల వీడియోల సంగతి ఆ పిల్లకు తట్టింది.

“నేను దించుకున్నయ్ గా పాటల మీదనే పడ్డయా అన్నా?”

పడి ఉంటాయి. తిరుపతికి తెలుసు. రోజుకు మూడు నాలుగు చొప్పున పడే ఉంటాయి. కానీ పదహారేళ్ల పిల్ల నెత్తిన ఆ బరువు ఎలా పెడతాడు? కాదన్నాడు. తప్పు మొత్తం తనదేనని, నువ్వు మొదటిసారి ఫోన్ చేసిన రోజే తను బండెక్కి రావలసిందని చెప్పాడు. అదైతే నిజం. నిచ్చెనమీద నిలబడి ‘తరువాత’ అన్న మాట అతని చెవుల్లో గింగురుమంటూనే ఉంది.

డిస్కును డబ్బాలోంచి ఊడదీసి, తన మిషన్‌కు తగిలించాడు. పోయిన ఫైళ్లను అడుగు నుంచి గాలించే ప్రోగ్రామ్ ఒకటి లినక్స్‌లోనే ఉంది. రెండు రోజులు నడిచింది. కరెంటు పోతుందేమోనని పక్కింటి నుంచి ఇన్వర్టర్ తెచ్చిపెట్టాడు. తిండి సయించలేదు. తెరమీద దొరికిన ఫైళ్ల అంకె పెరుగుతుంటే చూస్తూ కూర్చున్నాడు. ఊళ్లో ఎవరి డబ్బానైనా నిలబెట్టగలనని విర్రవీగిన మనిషి, బాబ్బాబూ ఒక్కటి ఇప్పించమని ఆ తెరను బతిమాలాడు.

పద్దెనిమిది వేల చిల్లర శబ్దాల ఫైళ్లు బయటపడ్డాయి. పేర్లు లేవు, ఉత్త అంకెలు. ప్రభాకర్ పెళ్లికాకముందు పోగేసుకున్న సినిమా పాటలు, రింగ్‌టోన్లు, డీజే మోతలు, విండోస్ టింగుమనే చప్పుళ్లు, అన్నీ కలగాపులగంగా. వాటిలో ప్రమీలమ్మ ఎక్కడుంది? తిరుపతికి అప్పుడు తట్టింది, ఆమె గొంతు ఎలా ఉంటుందో తనకు తెలియదని. తను ఎరిగిన ప్రమీలమ్మకు గొంతే లేదు. తుడిచేసినవాడికి తను తుడిచిందేమిటో తెలియదు. ఇంతకన్నా దరిద్రం ఉంటుందా?

ఆమెకే కబురుపెట్టాడు. రాదనుకున్నాడు. తొమ్మిది గంటల బస్సుకు వచ్చింది. అతన్ని పలకరించలేదు, అతని వైపు చూడలేదు. కుర్చీలో కూర్చుని హెడ్‌సెట్ పెట్టుకుంది. అతను ఒక్కో అంకె నొక్కుతాడు. ఆమె రెండు క్షణాలు విని తల అడ్డంగా ఊపుతుంది. మళ్లీ నొక్కుతాడు. మళ్లీ అడ్డంగా. మధ్యాహ్నం సద్ది విప్పుకుని తినేది, చేతులు కడుక్కుని మళ్లీ కూర్చునేది. సాయంత్రం ఐదింటి బస్సుకు వెళ్లిపోయేది. జెరాక్స్‌కు వచ్చినవాళ్లను తిరుపతి పక్క దుకాణానికి పంపేశాడు.

రెండో రోజు ఒక చోట ఆమె తల ఊపడం ఆగింది. తిరుపతి ప్రాణం లేచొచ్చింది. కానీ అది ఏదో పెళ్లి బాజా. ఎవరి పెళ్లో గుర్తొచ్చినట్టుంది, కాసేపు విని అడ్డంగా ఊపింది. మూడో రోజు గడిచింది. నాలుగో రోజు ఆమె చెవుల వెనక ఎర్రగా కందిపోయాయి. దూది పెడతానంటే వద్దంది. మిగిలిన ఫైళ్లు తగ్గుతున్న కొద్దీ తిరుపతి చెయ్యి నెమ్మదించింది. అయిపోతే ఏం చెయ్యాలో అతనికి తెలియదు. ఉన్నన్నాళ్లూ ఇంకా ఉన్నట్టే కదా.

ఆరో రోజు. ఇంకో నలభై దాకా ఉన్నాయి. ఏదో ఒక అంకె నొక్కాడు. ప్రమీలమ్మ రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుంది.

తల ఊపలేదు. కళ్లు మూసుకోలేదు. ఎదురుగా గోడమీది ఆధార్ ఫారాల రేట్లపట్టిక వైపు చూస్తూ ఉండిపోయింది. ఉన్నట్టుండి మొహం చిట్లించి హెడ్‌సెట్ పక్కకు లాగింది. మళ్లీ పెట్టమని వేలు తిప్పింది. మళ్లీ పెట్టాడు. మూడుసార్లు విన్నది. తరువాత హెడ్‌సెట్ తీసి అతని తలకు తగిలించింది. విను అని.

ముందు ప్రభాకర్ గొంతు, ఫ్యాన్ బంద్ చేసిన, పాడవ్వా అని. ఆ తరువాత ఆమె.

‘ఈసీ వాగుల నీళ్లు పారె వదినెలారో,
మోకాలి మడిల దిగుదాము రారె...’

తియ్యటి గొంతు కాదు. బొంగురు, మొరటు. నాలుగు మడులకు అవతల వంగి ఉన్న మనిషికి కూడా వినబడాలని ఎత్తిన గొంతు. ‘రారె’ దగ్గర పైకి లేచి, అక్కడే నిలబడి, ఊపిరి తీసుకోకుండా రెండో వరసలోకి దిగింది. అరనిమిషం కూడా కాలేదు, చరణం ఎత్తుకోగానే గరగరమని చెవులు చిల్లులుపడే రొద మొదలైంది. ఏ పాఠమో వచ్చి పాటమీద కూర్చుంది. ఇక చివరిదాకా అదే రొద.

ఇన్నాళ్లూ అతను వెతికింది ఫైళ్లు. ఇప్పుడు తెలిసింది ఏం పోయిందో. ఇలాంటివి ముప్ఫై ఏడు. తల బల్లకు ఆనించి వెక్కి వెక్కి ఏడ్చాడు. ముప్ఫై తొమ్మిదేళ్ల మగవాడు, దుకాణం తలుపులు బార్లా తెరిచి ఉండగా. ప్రమీలమ్మ ఓదార్చలేదు. అతని భుజంమీద వేలితో పొడిచి, తెర వైపు చూపించింది. ఇంకా ఉన్నాయి, పెట్టు అని.

మిగిలిన నలభైలో ఏమీ లేదు. ఆఖరిది ఏదో ఫోన్ కంపెనీ ట్యూన్. ఆ ఒక్క ముక్కను తిరుపతి మూడు చోట్ల దాచాడు. తన మిషన్‌లో, పెన్‌డ్రైవ్‌లో, ఫోన్‌లో. రొదను కత్తిరించి ఇస్తానన్నాడు. ఆమె అవసరం లేదన్నట్టు చెయ్యి ఊపి, స్పీకర్లో పెట్టమంది.

పాట దుకాణమంతా మోగింది. బయట బస్సు కోసం నిలబడ్డ ఆడవాళ్లు ఇద్దరు లోపలికి తొంగిచూశారు. రొద మొదలవబోయే చోటు అతనికి ఇప్పుడు తెలుసు. ఆపడానికి చెయ్యి చాచాడు. అంతకుముందే ప్రమీలమ్మ ముందుకు వంగి, ఇన్నాళ్లుగా చూసి నేర్చుకున్న ఆ మీట తనే నొక్కి ఆపింది.

ఆపి, అక్కణ్నుంచి అందుకుంది. పెదాలు కదులుతున్నాయి. వేళ్లు బల్లమీద దరువు వేస్తున్నాయి. ఎక్కడ ఊపిరి కావాలో అక్కడ గుడ్డ ఎగురుతోంది, ఎక్కడ నిలబెట్టాలో అక్కడ కనుబొమలు పైకి లేస్తున్నాయి. ఒక చరణం, మళ్లీ పల్లవి, ఇంకో చరణం. ఆమెకు ఒక్క అక్షరం కూడా మరుపు లేదు. పాట మొత్తం అక్కడే ఉంది, అతనికి మూరెడు దూరంలో. ఒక్క ముక్క వినబడటం లేదు. తిరుపతి కళ్లు చించుకుని ఆ పెదాలను చూశాడు. ‘మడి’ అన్నదేమో అనుకున్నాడు, కాదేమో అనుకున్నాడు. అంతలో ఆమె దరువు ఆపింది. అయిపోయింది.

ఆరు రోజుల్లో మొదటిసారి అతని కళ్లలోకి చూసి, గదుమ ఎగరేసింది. విన్నావా అని అడిగింది.

విన్నానని తల ఊపితే ఆమె బస్సెక్కి వెళ్లిపోయేది. తిరుపతికి చేతకాలేదు.

“లేదవ్వా,” అన్నాడు. “నాకేం వినబడలే.”

ప్రమీలమ్మ గుడ్డ సర్దుకుని, కుర్చీని అతని దగ్గరికి లాక్కుని, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది. ఈసారి నిదానంగా.